బీపీ, పల్స్ నిలకడ తప్పినప్పుడు రోజును ఎలా నడుపుకోవాలి

పడుకుని ఉన్నప్పుడు పై బీపీ 160 చూపించిన యంత్రమే, లేచి నిలబడిన రెండు నిమిషాలకు 105 చూపిస్తే ముందుగా అనుమానం వచ్చేది యంత్రం మీదనే. బ్యాటరీలు మారుస్తాం, పక్కింటివారి యంత్రం అడిగి తెచ్చి చూస్తాం. రెండు యంత్రాలూ ఒకే మాట చెప్పిన తరువాత కూడా, ఆ రెండు అంకెలూ ఒకే మనిషివని, రెండూ నిజమేనని ఒప్పుకోవడానికి మనసుకు చాలా రోజులు పడుతుంది. మా అమ్మగారికి ఇరవై ఏళ్ళు దాటిన మధుమేహం వల్ల ఈ స్థితి వచ్చింది. ఆమెను చూసుకుంటూ నేర్చుకున్నదీ, వైద్యులు ఓపికగా వివరించినదీ కలిపి, ఇదే ఇబ్బంది పడుతున్నవారు, వారి ఇంట్లోవారు వరుసగా పాటించడానికి వీలుగా రాస్తున్నాను. మందుల్లో ఏ మార్పైనా మీ వైద్యుడు చెప్పాకే చేయాలి. ఆ సలహాను ఇంట్లో ఎలా అమలు చేసుకోవాలన్నదే ఇక్కడి విషయం.

ముందుగా లోపల జరిగేదేమిటో తెలిస్తే తరువాతి జాగ్రత్తలన్నింటికీ అర్థం దొరుకుతుంది. మనం నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి జారుతుంది. మెడలోని ధమనుల్లోనూ, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ ఉన్న గ్రాహకాలు ఆ తగ్గుదలను పసిగట్టి మెదడుకు కబురు పంపుతాయి. వెంటనే రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. కొన్ని సెకన్లలో, మనకు తెలియకుండా ఈ పనంతా చేసేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. అది గాడి తప్పడాన్నే వైద్యులు డిసాటనోమియా అంటారు. దీర్ఘకాలపు మధుమేహం, పార్కిన్సన్స్ జబ్బు, మల్టిపుల్ సిస్టమ్ ఆట్రఫీ (మెదడులోని కణాలు క్రమంగా క్షీణించే జబ్బు), అమిలాయిడోసిస్ (అవయవాల్లో ఒక అసాధారణ ప్రొటీను పేరుకుపోయే జబ్బు) వంటివి దీనికి కారణాలు. కోవిడ్ వంటి వైరస్ జ్వరాల తరువాత మొదలైనవారూ ఉన్నారు. కొందరిలో కారణం తేలదు.

మొదటి పని: భంగిమతో సహా కొలవడం

ఈ జబ్బులో ఏ భంగిమలో, ఏ సమయంలో కొలిచారో రాయని బీపీ సగం అంకె మాత్రమే. ఒక ఆసుపత్రిలో అమ్మగారిని కూర్చోబెట్టి కొలిచినప్పుడు 168 వచ్చిందని మరో బీపీ మాత్ర కలిపారు, నిలబెట్టి చూడలేదు. పదో రోజు తెల్లవారుజామున బాత్‌రూం గుమ్మంలో పడి ఆమె మణికట్టు విరిగింది. ఆ రోజు వైద్యుడికి చూపించడానికి మా దగ్గర నిలబడినప్పటి అంకె ఒక్కటి కూడా లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదని ఈ భాగాన్ని కాస్త విస్తరించి రాస్తున్నాను.

మణికట్టుకు కట్టే యంత్రం వద్దు, దండచేతికి కట్టేదే తీసుకోండి. పట్టీ మీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, భంగిమ, బీపీ, పల్స్, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది అన్న ఆరు గళ్ళు గీయండి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని, మాట్లాడకుండా ఉండి, మొదటి కొలత తీసుకోండి. తరువాత లేచి నిలబడి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరొకసారి కొలవండి. నిలబడినప్పుడు పట్టీ ఉన్న చేయి కిందికి వేలాడకూడదు. గుండె ఎత్తులో ఉండేలా అలమర అంచు మీద ఆనించాలి, లేదా పక్కనున్నవారు పట్టుకోవాలి. చేయి గుండె కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉంటే యంత్రం సుమారు 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అంటే పడిపోయిన బీపీ పడిపోనట్టు కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు నిలబడి కొలవడం చేయకండి, మంచం అంచుకు దగ్గరగా నిలబడండి, కళ్ళు బైర్లు కమ్ముతుంటే అంకె రాలేదని ఆగకుండా వెంటనే కూర్చోండి. బీపీ బాగా పడిపోయినప్పుడు యంత్రం అంకెకు బదులు ఎర్రర్ చూపించడం మామూలే; అదీ పుస్తకంలో రాయదగిన సమాచారమే.

ఇలా ఒక వారం పాటు రోజుకు నాలుగుసార్లు చూస్తే చాలు: ఉదయం మందులు వేసుకోకముందు, మధ్యాహ్న భోజనమైన గంటకు, సాయంత్రం, రాత్రి పడుకోబోయే ముందు. ఉదాహరణకు ఒక రోజు ఉదయపు వరుస ఇలా ఉండవచ్చు: 6-10, పడుకుని 158/88, పల్స్ 72, నిలబడిన నిమిషానికి 112/64, పల్స్ 76, మూడో నిమిషానికి 104/60, పల్స్ 78, చూపు మసక, మెడ వెనుక నొప్పి. ఈ ఒక్క వరుస ఆసుపత్రిలో పది నిమిషాల సంభాషణ కన్నా ఎక్కువ చెబుతుంది.

పుస్తకం నిండిన తరువాత చూడవలసిన రకాలు రెండు. నిలబడిన మూడు నిమిషాల లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ, అంతకు మించి గానీ పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. బీపీ అంత పడినా పల్స్ పెద్దగా పెరగకపోతే, అంటే పై బీపీ 40 తగ్గినప్పుడు పల్స్ 20 కూడా పెరగకపోతే, లోపం నాడులలో ఉందని అనుమానించాలి. ఒంట్లో నీరు తగ్గడం వల్ల బీపీ పడితే గుండె ఊరుకోకుండా గట్టిగానే పరుగెత్తుతుంది. రెండో రకంలో బీపీ అంతగా పడదు, పల్స్ మాత్రం పది నిమిషాల లోపు 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరుగుతుంది, 12 నుంచి 19 ఏళ్ళ వయసువారిలో 40 పెరగాలి; గుండె దడ, తల తేలిపోవడం, ఆలోచన మందగించడం వంటి ఇబ్బందులు కనీసం మూడు నెలలుగా ఉండాలి. దీన్ని పాట్స్ (పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్) అంటారు. ఎక్కువగా యువతులలో కనిపించే ఈ స్థితిని ఆ పేరుతో వర్ణించింది 1993లోనే కాబట్టి, టెన్షన్ అనో గ్యాస్ అనో పంపించేయడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. పాట్స్ అనుమానం ఉన్నవారు మడమలను గోడకు అరడుగు దూరంలో ఉంచి, భుజాలు గోడకు ఆనించి, పక్కన ఒక మనిషిని పెట్టుకుని పది నిమిషాల పాటు నిమిషానికోసారి పల్స్ రాసుకోవచ్చు.

వారం తరువాత రోజంతా కొలుస్తూ కూర్చోకండి. చేతి గడియారంలో పల్స్ అంకెను గంటకు పదిసార్లు చూడటం వల్ల తెలిసేది ఏమీ ఉండదు, భయం వల్ల పల్స్ ఇంకాస్త పెరగడం తప్ప.

రెండో పని: వైద్యుడి దగ్గరకు ఏమేం తీసుకువెళ్ళాలి

పుస్తకంతో పాటు, వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ప్రొస్టేటు కోసం ఇచ్చే టామ్సులోసిన్, ప్రాజోసిన్ వంటివి, ఒంట్లో నీరు తీసే మాత్రలు, ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్లు, అమిట్రిప్టిలిన్ వంటి నరాల నొప్పి మాత్రలు, సిల్డెనఫిల్ వంటివి నిలబడినప్పటి బీపీని మరింత కిందికి లాగగలవు. నలుగురు వైద్యులు నాలుగు జబ్బులకు ఇచ్చిన మందులు ఒకే ఒంట్లో కలుస్తాయి. వాటన్నిటినీ ఒకేచోట చూసేవారు ఒక్కరైనా ఉండాలి. అయితే మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు, కొన్నింటిని హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం.

నాడుల లోపమని నిర్ధారించే ముందు మామూలు కారణాలను తోసిపుచ్చుకోవాలి. రక్తహీనత అందులో మొదటిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి అది ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, సోడియం, పొటాషియం, బీ12, అవసరమైతే ఉదయపు కార్టిసాల్, ఈసీజీ, ఎకో, 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్షల గురించి అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలో బీ12 తగ్గుతుంది, ఆ లోపం కూడా నాడులను దెబ్బతీస్తుంది కాబట్టి మధుమేహం ఉన్నవారు ఈ పరీక్షను మరిచిపోకూడదు. వీటిలో ఏమీ తేలకపోతే న్యూరాలజిస్టు లేదా కార్డియాలజిస్టు టిల్ట్ టేబుల్ పరీక్ష (బల్ల మీద పడుకోబెట్టి, బల్లను నిలువుగా లేపి బీపీ, పల్స్ చూడటం), దీర్ఘ శ్వాస, వల్సాల్వా (ఊపిరి బిగబట్టి గట్టిగా ఊదడం) పరీక్షలు చేయిస్తారు. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఈ నాడీవ్యవస్థ కోసమే ప్రత్యేక ప్రయోగశాలలు ఉన్నాయి.

మూడో పని: మంచం దిగడం

రోజులో అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం తెల్లవారుజాము. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల మూత్రపిండాలు నీటినీ ఉప్పునూ ఎక్కువగా బయటకు పంపించి ఉంటాయి, కడుపు ఖాళీగా ఉంటుంది, మూత్రానికి తొందర ఉంటుంది. అందుకే లేవడానికి పదిహేను నిమిషాలు కేటాయించుకోండి.

మంచం పక్కన అర లీటరు నీళ్ళ సీసా రాత్రే పెట్టుకోండి. మెలకువ రాగానే దిండ్లకు ఆనుకుని, నాలుగైదు నిమిషాల్లో ఆ సీసా మొత్తం తాగండి. నెమ్మదిగా గుక్కలు గుక్కలుగా రోజంతా తాగే నీటికీ దీనికీ తేడా ఉంది: నాడుల లోపం ఉన్నవారిలో ఇలా ఒక్కసారిగా తాగిన నీళ్ళు ఐదు నిమిషాల్లో బీపీని పైకి లేపడం మొదలుపెట్టి, అరగంటకు గరిష్ఠానికి చేర్చి, గంట దాటాక తగ్గుతాయి. మందు కాని మందు ఇది. గుండె బలహీనత వల్లనో మూత్రపిండాల జబ్బు వల్లనో నీళ్ళు కొలిచి తాగమన్నవారు మాత్రం దీన్ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

నీళ్ళు పనిచేసే లోపు మంచం మీదే పాదాలను ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడించండి, పిడికిళ్ళు బిగించి వదలండి, తొడల కండరాలు బిగించి వదలండి. పొట్టకు కట్టే బైండర్ వాడుతుంటే లేవకముందే, పడుకుని ఉండగానే కట్టుకోవాలి. జారిన రక్తంలో ఎక్కువ భాగం పొట్టలోనే చేరుతుంది కాబట్టి మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళ కన్నా ఇది ఎక్కువ మేలు చేస్తుంది. మేజోళ్ళు వాడేవారు నడుము దాకా వచ్చేవే తీసుకోవాలి. బాలింతకు పొట్ట చుట్టూ పాత చీర బిగించి కట్టే అలవాటు మన ఇళ్ళలో ఉన్నదే, అమ్మగారికి ఆ పోలిక చెప్పిన తరువాతనే బైండర్ మీద బెరుకు పోయింది. మళ్ళీ పడుకునే ముందు దాన్ని తప్పకుండా తీసేయాలి.

ఆ తరువాత ఒక పక్కకు తిరిగి, చేతి మీద బరువు వేసి కూర్చోండి. కాళ్ళు వేలాడేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. దేన్నైనా పట్టుకుని నిలబడి, నిలబడిన చోటనే అరవై అంకెలు లెక్కపెడుతూ కాళ్ళు మార్చి మార్చి ఎత్తండి. చూపు స్పష్టంగా ఉంటేనే మొదటి అడుగు వేయండి.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. కత్తిపీట, పూజ పీట, నేల మీద భోజనం, నేల మరుగుదొడ్డి, అన్నీ నేల మట్టంలోనే ఉంటాయి. గొంతుకు కూర్చుని లేవడం మంచం దిగడం కన్నా కష్టమైన పరీక్ష. కూరలు తరగడం బల్ల మీదికి మార్చండి, పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు వేసుకోండి, మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ కొనండి, దాని పక్క గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. మగవారు కూడా కూర్చునే మూత్రవిసర్జన చేయాలి. మలబద్ధకంతో ముక్కినప్పుడు బీపీ ఒక్కసారిగా పడుతుంది కాబట్టి పీచు పదార్థాలు, అవసరమైతే ఈసబ్‌గోల్ పొట్టు, క్రమం తప్పకుండా వాడండి.

నీళ్ళు, ఉప్పు, భోజనం

ఉప్పు విషయంలో ఒకరికి చెప్పిన సలహా మరొకరికి ప్రమాదం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చెంచాడు. పాట్స్ ఉన్నవారికి వైద్యులు రోజుకు 10 గ్రాముల దాకా ఉప్పు, రెండు నుంచి మూడు లీటర్ల నీళ్ళు సూచించడం ఉంది. అదే ఉప్పు, పడుకున్నప్పుడు బీపీ 180 దాటేవారికీ, మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ, గుండె బలహీనత ఉన్నవారికీ హాని చేస్తుంది. అందువల్ల రోజుకు ఎన్ని గ్రాములో మీ వైద్యుడి చేత అంకె రాయించుకోండి. అనుమతి దొరికినవారికి మన వంటింట్లో కొదవ లేదు: ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, చారు, కాస్త ఆవకాయ. ఇంట్లో లో సోడియం ఉప్పు వాడుతున్నారేమో చూడండి. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, దానివల్ల మీకు కావలసిన సోడియం దొరకదు, మూత్రపిండాల జబ్బు ఉంటే ఆ పొటాషియం చేటు కూడా.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టునే అడగండి, పెద్ద ప్యాకెట్టును కొలిచిన లీటరు నీటిలోనే కలపండి. పండ్ల రుచులతో అమ్మే తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ. సరైన ఓఆర్ఎస్‌లో కూడా లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుందని మధుమేహం ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

కడుపునిండా తిన్న రెండు గంటల లోపు రక్తం పేగులవైపు మళ్ళి బీపీ పడిపోవడం వృద్ధుల్లో, పార్కిన్సన్స్ ఉన్నవారిలో చాలా ఎక్కువ. దీనికి ముఖ్య కారణం ఒకేసారి తిన్న పిండి పదార్థం, అంటే మన భాషలో పళ్ళెం నిండా అన్నం. మూడు పూటల భోజనాన్ని ఐదారు చిన్న పూటలుగా విడగొట్టండి, అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచండి, తినే ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్ళు తాగండి. భోజనమైన వెంటనే స్నానానికీ మెట్లు ఎక్కడానికీ లేవవద్దు. మద్యం రక్తనాళాలను వదులు చేస్తుంది, దాన్ని పూర్తిగా మానేయడం మంచిది.

పడిపోబోతున్నట్టు అనిపించినప్పుడు

ప్రతి మనిషికీ తనవైన హెచ్చరికలు ఉంటాయి: చూపు అంచుల నుంచి నల్లబడటం, చెవుల్లో హోరు, మెడకూ భుజాలకూ మధ్య లాగే నొప్పి, ఆవులింతలు, చల్లని చెమట. మీవి ఏవో పుస్తకంలో రాసుకోండి, ఎందుకంటే వాటికీ పడిపోవడానికీ మధ్య దొరికే అర నిమిషమే మీ చేతిలో ఉన్న సమయం. నిలబడి ఉంటే కాళ్ళను కత్తెరలా మెలివేసి తొడలూ పిరుదులూ గట్టిగా బిగించండి, లేదా రెండు చేతులనూ కొక్కెంలా తగిలించి విడదీస్తున్నట్టు లాగండి. తగ్గకపోతే గొంతుకు కూర్చోండి. అదీ చాలకపోతే, అది రోడ్డు పక్కనైనా, బ్యాంకు క్యూలోనైనా సంకోచించకుండా పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టండి. జనం చూస్తారన్న మొహమాటంతో నిలదొక్కుకోబోయి తల పగిలినవారు ఉన్నారు.

మధుమేహం ఉన్నవారిలో చక్కెర పడిపోయినా ఇవే చెమటలు, ఇదే వణుకు. పడుకున్న ఒకటి రెండు నిమిషాల్లో తేలికపడితే అది ఎక్కువగా బీపీ వల్ల వచ్చినది. పడుకున్నా తగ్గకపోతే చక్కెర అనుమానించి వెంటనే గ్లూకోమీటరుతో చూడండి, 70 కన్నా తక్కువ ఉంటే గ్లూకోజు గానీ పంచదార గానీ తీసుకోండి. యంత్రం దగ్గర లేకపోతే చక్కెర పడిందనే అనుకుని తీపి తినడమే క్షేమం.

ఎండ, స్నానం, క్యూలు, ఉపవాసాలు

వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెల మధ్యాహ్నం ఆరోగ్యవంతులకే కష్టం. ఈ జబ్బు ఉన్నవారు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా బయటికి వెళ్ళే పని పెట్టుకోకూడదు. కరెంటు పోతే మెడ మీద తడి తువ్వాలు వేసుకోండి. స్వయంచోదిత నాడులు దెబ్బతిన్న కొందరికి చెమటే పట్టదు, వారి ఒళ్ళు త్వరగా వేడెక్కిపోతుంది కాబట్టి వారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

మరుగుతున్న నీళ్ళతో కుంకుడుకాయ తలంటు మానుకోవలసి వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, ప్లాస్టిక్ స్టూలు, జారని చాప, గడియ పెట్టని తలుపు, ఇవి నాలుగూ ఉండాలి. స్నానం ఉదయం లేవగానే కాకుండా, లేచిన రెండు మూడు గంటలకు పెట్టుకోండి. క్యూలో నిలబడవలసి వస్తే మడత స్టూలు వెంట తీసుకువెళ్ళండి. తిరుమలలో 65 ఏళ్ళు నిండినవారికి వేరే దర్శన ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకోండి. ఏకాదశి, శివరాత్రి, కార్తీక సోమవారాల ఉపవాసాలు, రంజాన్ ఉపవాసం, వీటిలో నీళ్ళు కూడా తాగకుండా ఉండేవి మరీ ప్రమాదం. మా అమ్మగారు నిర్జల ఏకాదశిని మానడానికి చాలా బాధపడ్డారు, నేను వాదించలేదు, ఆ రోజు ఉదయం కొలిచిన అంకెలు ఆమెకే చదివి వినిపించాను.

రాత్రి సమస్య

పగలు పడిపోయే బీపీయే రాత్రి పడుకోగానే 180, 200కు చేరడం నాడుల లోపం ఉన్నవారిలో చాలామందికి ఉంటుంది. దీనికి మొదటి చికిత్స మంచం తలవైపు ఎత్తడం. దిండ్లు పెంచితే మెడ మాత్రమే వంగుతుంది. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరు నుంచి తొమ్మిది అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టి మొత్తం మంచాన్నే వాలుగా చేయాలి. కిందికి జారకుండా తొడల కింద ఒక దిండు పెట్టుకోండి. మొదటి వారం నిద్ర సరిగా పట్టదు, తరువాత అలవాటవుతుంది. దీనివల్ల రాత్రి మూత్రానికి లేవడం తగ్గుతుంది, ఉదయం బీపీ పడటమూ కొంత తగ్గుతుంది.

పగలు విశ్రాంతి కావాలంటే మంచం మీద చదునుగా పడుకోకుండా పడక కుర్చీలో వాలి కూర్చోండి. పడుకోవడానికి గంటన్నర ముందు నుంచి ఎక్కువ నీళ్ళు ఒకేసారి తాగకండి. నిలబడినప్పటి బీపీని పెంచే మిడోడ్రిన్ మాత్ర వాడేవారు చివరి మోతాదుకూ పడుకోవడానికీ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచాలి. ఆ మందుతో తల మీద చీమలు పాకినట్టు అనిపించడం, రోమాలు నిక్కబొడుచుకోవడం మామూలే. మూత్రం బిగిస్తే మాత్రం చెప్పాలి. ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి ఉంచే ఫ్లూడ్రోకార్టిసోన్ వాడేవారికి పొటాషియం తగ్గవచ్చు, పాదాలు ఉబ్బవచ్చు, రక్తపరీక్షలు వాయిదా వేయకండి. పాట్స్‌లో పల్స్ తగ్గించడానికి తక్కువ మోతాదులో ప్రొప్రనలోల్, ఐవాబ్రడిన్ వంటివి ఇస్తారు. ఉబ్బసం ఉంటే ప్రొప్రనలోల్ పడదు, ముందే చెప్పండి.

వ్యాయామం

నిలబడితే ఇబ్బంది కాబట్టి కదలకుండా ఉండటం సహజమే, కానీ కొన్ని వారాలు మంచానికే పరిమితమైతే రక్తం పరిమాణం తగ్గి, కాలి కండరాలు సన్నబడి, జబ్బు ఇంకా పెరుగుతుంది. పడుకుని, కూర్చుని చేసేవాటితో మొదలుపెట్టండి: కాళ్ళు ఎత్తడం, కుర్చీలో కూర్చుని తొక్కే పెడల్, వెనక్కి ఆనుకునే సైకిలు, అవకాశం ఉంటే ఈత. రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు నిమిషాలు మాత్రమే పెంచండి. పాట్స్ ఉన్నవారికి ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మొదటి వారాల్లో నీరసం పెరిగినట్టు అనిపిస్తుంది. అక్కడ మానేయకపోవడం ముఖ్యం. స్పృహ తప్పిన చరిత్ర ఉంటే వైద్యుడు సరే అనేదాకా బండి నడపకండి.

ఇంట్లోవారు చేయవలసినది

మనిషి స్పృహ తప్పగానే మనవాళ్ళు చేసే మొదటి పని లేపి కూర్చోబెట్టడం, రెండోది నోట్లో నీళ్ళు పోయడం. రెండూ తప్పే. కూర్చోబెడితే మెదడుకు అందవలసిన రక్తం ఇంకా తగ్గుతుంది, స్పృహ లేనప్పుడు పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చదునుగా పడుకోబెట్టి, కాళ్ళు ఒక అడుగు ఎత్తి పెట్టి, బిగుతు బట్టలు వదులు చేయండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. ఒకటి రెండు నిమిషాల్లో తెలివి రాకపోతే 108కు ఫోన్ చేయండి. ఊపిరి సరిగా ఆడకపోతే ఆ కాస్త ఆలస్యం కూడా వద్దు.

ఇది ఎప్పుడూ ఉండేదేలే అని కొట్టిపారేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి: ఛాతీ నొప్పి, శ్రమ చేస్తూ ఉండగా స్పృహ తప్పడం, ఏ హెచ్చరికా లేకుండా కూలబడటం, తలకు దెబ్బ, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు బలహీనపడటం, నల్లని మలం, పడుకున్నా దిగని గుండె దడ. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చు. కారణం లేని ఆయాసం, చెమటలు, ఎన్నడూ లేని నీరసం వస్తే ఆ గంటలోనే ఈసీజీ తీయించాలి.

చివరగా పర్సులో ఒక చీటీ పెట్టుకోండి, ఫోను తెర మీద కూడా అదే ఉంచండి. మా అమ్మగారి చీటీలో ఇలా ఉంది: ‘నాకు నిలబడితే బీపీ పడిపోయే జబ్బు ఉంది. నేను పడిపోతే కూర్చోబెట్టకండి, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి. మధుమేహం ఉంది, చక్కెర చూడండి. పడుకున్నప్పుడు నా బీపీ ఎక్కువగా ఉంటుంది, నిలబెట్టి కూడా కొలవకుండా బీపీ తగ్గించే మందు ఇవ్వకండి.’ దాని కింద వాడే మందుల పేర్లు, మోతాదులు, ఇంటి ఫోను నంబరు. పంటికైనా కంటికైనా ఏ ఆపరేషనుకు వెళ్ళినా ఈ చీటీని మత్తుమందు ఇచ్చే వైద్యుడి చేతికి ముందే ఇవ్వండి, మందులు మారినప్పుడల్లా తేదీ వేసి కొత్తది రాయండి.